తండ్రి తరఫున అందినది

జూన్ 4

తమ్ముడికి,

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. షోరూం చిరునామాకి రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. నువ్వు సంతకం పెట్టి తీసుకున్నట్టు చీటీ నాకు తిరిగొస్తుంది, తర్వాత అందలేదని అనడానికి ఉండదు.

విషయం ఒక్కటే. నా మరదలికి వేరే దేశంలో ఉద్యోగం దొరికింది. మీరిద్దరూ విడిపోయి అయిదేళ్లయినా నా నోటికి మరదలనే వస్తుంది, ఏమీ అనుకోకు. ఇక్కడి ఆసుపత్రి లాండ్రీలో పదేళ్లుగా దుప్పట్లు ఉతికించి, లెక్కపెట్టి, వార్డులకి పంపిన మనిషి కదా, అక్కడ అలాంటి పనికే సూపర్వైజరుగా తీసుకున్నారు. ఉండటానికి రెండు గదులిస్తారు. పిల్లకి చదువు ఉచితం. ఆగస్టు పన్నెండుకల్లా వెళ్లి చేరాలి. లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది.

తల్లి పాస్‌పోర్టు చేతికొచ్చింది. బొంగరానిదే కాలేదు. ఒకచోట కుదురుగా కూర్చోదని దానికి బొంగరమని పేరు పెట్టింది నువ్వే, గుర్తుందో లేదో. మైనరు పిల్ల కాబట్టి తల్లీ తండ్రీ ఇద్దరూ అంగీకారపత్రం మీద సంతకం పెట్టాలట. ఫారం ఇందులో పెట్టాను. సంతకం పెట్టాల్సిన మూడు చోట్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. పిల్ల పుట్టిన తేదీ గడి తండ్రి చేతిరాతతోనే ఉండాలన్నారు కాబట్టి ఖాళీగా వదిలాను. తిరుగు కవరుకి స్టాంపులు అంటించి చిరునామా కూడా రాశాను. నువ్వు కవరు మూసి డబ్బాలో వేస్తే చాలు.

ఎప్పటిలాగే ఈ నెల రసీదు కాపీ కూడా పెట్టాను. ఇది యాభై మూడోది. పిల్ల ఖర్చులకి కోర్టు కట్టమన్న, నా చేతి మీదుగా అందే నెల డబ్బు నువ్వు ఆపేశాక ఎవరు కడుతున్నారో నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. కాపీ చూసినప్పుడైనా సిగ్గేస్తుందని పంపుతుంటాను. ఇవాళ ఆ గొడవ వద్దు. సంతకం పెట్టు, చాలు.

ఇక్కడ వంటింటి కుళాయి కారుతోంది. మీ బావ నన్ను బకెట్ ఎత్తనివ్వడం లేదు. ఎందుకో కొన్నేళ్లుగా నా చేత ఏ బరువూ మోయించడం లేదు. వయసొస్తే మగవాళ్లకి బుద్ధొస్తుందేమో. నీకూ వస్తుందని ఆశ.

అక్క

జూన్ 13

అక్కా,

నీ చేతిరాత చూడగానే చిన్నప్పుడు నా హోంవర్కు నువ్వు రాసిపెట్టిన రోజులు గుర్తొచ్చాయి. ఆ అక్షరాలు చూసే కదా టీచరు నాకు ఎప్పుడూ గుడ్ వేసేది!

షోరూం కాగితం మీద రాస్తున్నానని తప్పుగా అనుకోకు. కింద ‘సోఫా సెట్టు కొంటే టీపాయ్ ఉచితం’ అని అచ్చయి ఉంటుంది, దాన్ని పట్టించుకోకు. మామూలు కాగితాలు ఇక్కడ దొరకవు. సీజన్ కదా, ఊపిరాడటం లేదు. ఫోన్ ఎత్తలేదంటే అందుకే గానీ ఇంకో ఉద్దేశం లేదు. కొత్తగా తోలు సోఫాలు వచ్చాయి. కూర్చుంటే లేవబుద్ధి కాదు. బావ ఎప్పుడైనా ఇటు వస్తే చూపిస్తాను.

పిల్లని చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఇప్పుడు ఐదో క్లాసా, ఆరో క్లాసా? నన్ను అడుగుతూ ఉంటుందా? తండ్రి మనసు ఎవరికి అర్థమవుతుందిలే.

అన్ని చోట్లా సంతకాలు పెట్టాను. తేదీ కూడా వేశాను. చూశావా, ఒక్కమాట అనకుండా పెట్టాను. నేను రాక్షసుణ్ణి కాదని ఆవిడకి చెప్పు.

నీ తమ్ముడు

జూన్ 20

తమ్ముడికి,

ఫారం తిప్పిపంపారు. ఎందుకో వివరంగా రాస్తాను, చదువు.

మరదలూ నేనూ పిల్లా ముగ్గురం పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్లాం. టోకెన్ నూట పద్నాలుగు. మూడు గంటలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. కౌంటర్లో అద్దం అవతల జలుబు చేసిన అమ్మాయి, ముక్కు తుడుచుకున్న చేత్తోనే అందరి కాగితాలూ తిప్పుతోంది. చూస్తుంటే రోత పుట్టింది. తర్వాత ఆ అమ్మాయే నీ ఫారాన్ని రెండు వేళ్లతో అంచు పట్టుకుని ఎత్తింది. నీ సంతకం పక్కన నూనె వేలిముద్ర ఉంది. ఏదో వేపుడు తింటూ పెట్టినట్టున్నావు.

‘‘పుట్టిన సర్టిఫికెట్లో ఒక తేదీ, ఇక్కడ ఇంకో తేదీ. ఇది ఎవరు రాశారమ్మా?’’ అంది.

‘‘పిల్ల తండ్రి’’ అంది మరదలు.

‘‘సొంత తండ్రేనా?’’

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నెల ఒక్కటే సరిగ్గా రాశావు. తేదీ ఎవరిదో తెలియదు, సంవత్సరం రెండేళ్లు తప్పు. పిల్లకి పదమూడేళ్లు. చదువుతున్నది ఎనిమిదో క్లాసు.

బొంగరం అద్దంలోంచి ఆ గడి చూసింది. ‘‘నాన్న నన్ను రెండేళ్లు చిన్నదాన్ని చేశాడు. మంచిదేగా అత్తా, అర టికెట్టు పడుతుంది’’ అంది. నవ్వుతూనే అంది గానీ మళ్లీ ఆ గడి వైపు చూడలేదు. ఇంటికొచ్చాక రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. ఆ నూనె మరక నా వేళ్లకే అంటినట్టుంది.

ఇంకో ఫారం పెట్టాను. పుట్టిన తేదీ ఒక చీటీ మీద రాసి పిన్ను చేశాను, చూసి ఎక్కించు. ముందు చేతులు తుడుచుకో.

అక్క

జూన్ 29

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా హర్ట్ అయ్యాను. ఒక అంకె తప్పు పడితే నలుగురిలో నా పరువు తీస్తారా? ‘సొంత తండ్రేనా’ అని ఎవరో అంటే నువ్వు ఒక్కమాట మాట్లాడలేదంటే, నువ్వు ఎవరి పక్షమో నాకు అర్థమైంది.

మా షోరూంకి వచ్చే లాయరు ఒకాయన నాకు మంచి ఫ్రెండు. ఆయనకి నీ ఫారం చూపించాను. ‘నువ్వు సంతకం పెట్టకపోతే పిల్ల గడప దాటదు, తెలుసా?’ అన్నాడు. ఈ మాట మీరెవరూ నాకు చెప్పలేదు. అమాయకుణ్ణి చేసి సంతకం పెట్టించుకుందామని చూశారు.

కన్నబిడ్డని దేశం దాటిస్తుంటే నాకు మాత్రం బాధ ఉండదా? అయినా దాని భవిష్యత్తుకి అడ్డుపడను. ఆవిడ ఒక్క కాగితం రాసిస్తే చాలు. ఇంతవరకు పిల్ల ఖర్చుల బాకీ ఏమీ లేదనీ, ఇకముందు కూడా ఏమీ అడగననీ. అది అందిన రోజే సంతకం పెట్టి పంపిస్తాను. ఇది బేరం కాదక్కా, ప్రిన్సిపుల్.

ఏ మాటయినా కాగితం మీదే నడిపించమని లాయరు చెప్పాడు. అందుకే ఫోన్ చెయ్యకు.

తమ్ముడు

జూలై 3

ఒరేయ్,

నీ ప్రిన్సిపుల్ చదివాను. కన్నబిడ్డ గడప దాటడానికి వెల కట్టిన తండ్రిని నేను కథల్లో కూడా చదవలేదు. నిన్ను చంకనేసుకుని తిరిగిన చెయ్యి ఇది. ఇప్పుడు ఆ చెయ్యి చూసుకుంటే కంపరంగా ఉంది.

మరదలికి నీ ఉత్తరం చూపించాను. ఆమె అరవలేదు. ‘‘పోనీలే వదినా, ఎంత చెడ్డా నెలనెలా డబ్బు మాత్రం పంపాడు. ఆ ఒక్క మంచీ చూసి రాసిచ్చేస్తాను’’ అంది. ఆ డబ్బు ఎవరిదో అప్పుడైనా చెప్పాల్సింది. రాయొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

నీ సంతకం లేకుండా కూడా దారి ఉందట. జలుబు అమ్మాయే చెప్పింది. తండ్రి పిల్లని వదిలేశాడనీ, మంచిచెడ్డలు చూడటం లేదనీ తల్లి ప్రమాణపత్రం రాసిస్తే తల్లి ఒక్కతే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేనే దగ్గరుండి నిన్న మరదలి చేత రాయించాను. డబ్బు సంగతి ఉండగా ఎలా అని ఆమె జంకితే, ‘డబ్బొక్కటే మంచిచెడ్డ కాదు, సంతకం పెట్టు’ అని చెప్పాను. కౌంటర్లో ఇచ్చేశాం.

వెనకచాటు పనులు నాకు చేతకావు కాబట్టి నీకు చెప్పి చేస్తున్నాను. నీ సంతకం నువ్వే ఉంచుకో. నీ తోలు సోఫా మీద పెట్టుకుని చూసుకో.

అక్క

జూలై 10

ప్రియమైన అక్కా,

నువ్వు ముందే చెప్పి మంచిపని చేశావు. లాయరు చాలా సంతోషించాడు.

తండ్రి పట్టించుకోలేదని ప్రమాణం చేసిందా ఆవిడ? అయితే నా దగ్గర యాభై మూడు రసీదులున్నాయి. ఒక్కటి కూడా పారెయ్యలేదు. ప్రతి దాని మీదా ‘పిల్ల ఖర్చుల కింద తండ్రి తరఫున అందినది’ అని నీ ముత్యాల్లాంటి అక్షరాలు, కింద ఆవిడ సంతకం, తేదీ. నెల తప్పకుండా. ఇంత చక్కగా లెక్క రాసే మనిషి లోకంలో ఇంకొకరు ఉండరని లాయరు కూడా మెచ్చుకున్నాడు. వాటికి ‘ఇదీ నేనే కట్టాను’ అని నువ్వు తగిలించిన చీటీలు మాత్రం ఎప్పటికప్పుడు తీసేశాను. అవి మన ఇద్దరి మధ్య మాటలు కదా.

అన్నింటికీ జిరాక్సులు తీయించి పాస్‌పోర్టు ఆఫీసుకి అభ్యంతరం పంపాను. బాధ్యత గల తండ్రిని అని. ఇక ఆ ప్రమాణపత్రం అబద్ధమైపోతుంది. అబద్ధపు ప్రమాణం చిన్న నేరం కాదని ఆవిడకి మెల్లగా చెప్పు, పాపం భయపడుతుంది.

నేను అడిగిన కాగితం ఇప్పటికైనా రాసిస్తే అన్నీ వెనక్కి తీసుకుంటాను. నాకు పగ లేదు. చిన్నప్పటి హోంవర్కుల్లాగే, ఇప్పుడూ నీ చేతిరాతే నన్ను గట్టెక్కించింది.

నీ ముద్దుల తమ్ముడు

జూలై 15

తమ్ముడికి,

నువ్వు గెలిచావు. ఎలా గెలిచావో కూడా తెలుసుకో.

సోమవారం మరదల్ని ఆఫీసుకి పిలిపించి యాభై మూడు జిరాక్సులూ ఆమె ముందు పరిచారు. ‘‘నెలనెలా డబ్బు తీసుకుంటూ తండ్రి వదిలేశాడని ఎలా రాశారు?’’ అని అడిగారు. ఆమె అక్కడినుంచి తిన్నగా మా వంటింట్లోకొచ్చి నిలబడింది. చెప్పులు కూడా విప్పలేదు.

‘‘రాయమన్నదీ నువ్వే, రసీదులు వాడికి పంపిందీ నువ్వే. అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి నన్ను ఇరికించారా వదినా?’’

అప్పుడు చెప్పక తప్పలేదు. నువ్వు డబ్బు ఆపేశావని తెలిస్తే మా ఇంటి పరువేమవుతుందని ఒక నెల నేను సర్దాను. పిల్ల కొత్త బూట్లు వేసుకుని ‘‘నాన్న డబ్బులతో కొన్నవి’’ అని గంతులేస్తూ వచ్చేసరికి రెండో నెలా ఇచ్చాను. తర్వాత ఇక ఆపడం చేతకాలేదు. రసీదు మీద పాత మాటే రాస్తూపోయాను. నిన్ను మంచి తండ్రిగా నిలబెట్టింది నేనే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను నాలుగేళ్లు తొక్కాను.

మరదలు అంతా విని, ‘‘వాడి మీద నాకు మిగిలిన ఆ ఒక్క గౌరవం కూడా నీదేనా’’ అంది. వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ డబ్బు నాదేనని రుజువు చేద్దామంటే నా పద్దుల పుస్తకం కూడా నన్ను ఆదుకోవడం లేదు. మీ బావ చూస్తాడని ఆ ఖర్చుని నేను ‘నా మందులు’ అని రాసుకున్నాను. నా జన్మలో రాసిన దొంగపద్దు అదొక్కటే. ఆ సాయంత్రం ఆయనకీ చెప్పాను. ఆయన ‘‘అంటే నీకు ఏ జబ్బూ లేదా?’’ అన్నాడు. లేదన్నాను. కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాడు. నాకేదో పెద్ద రోగం ఉందనీ, చెప్పుకోలేక దాస్తున్నాననీ ఇన్నేళ్లూ లోపల్లోపల కుమిలిపోతున్నాడట. బకెట్లు మోసింది అందుకట. సంతోషించాలో తిట్టాలో తెలియక, లేచి కుళాయి బిగించడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆయనకి లెక్క తేల్చి ఇవ్వాలి. ఆయన మంచివాడే గానీ డబ్బు దగ్గర పట్టుదల మనిషి, నేను కట్టినదంతా నిన్ను అడుగుతానంటున్నాడు. నాకు గుర్తున్నంతవరకు నువ్వు పంపింది మొదటి ఆరు నెలలు. మిగిలిన నలభై ఏడు నెలలూ నేను కట్టాను. ఆ లెక్కే ఆయనకి ఇస్తున్నాను. తప్పుంటే చెప్పు, నా బుర్ర సరిగా పనిచేయడం లేదు.

నువ్వడిగిన కాగితం మరదలు ఇంకా రాయలేదు. రాయమని నేను అనలేదు, వద్దనీ అనలేదు.

అక్క

జూలై 20

అక్కా,

నీకు మతి పోయిందా, లేక కావాలనే చేస్తున్నావా? ఆరు నెలలు ఏమిటి? తొమ్మిది! మూడు నెలల డబ్బు దిగమింగుతావా?

మొదటి నాలుగు నెలలు నీ చేతికే నగదు ఇచ్చాను. ఐదు, ఆరు, ఏడు మనీ ఆర్డర్లు. ఎనిమిదో నెలది డైనింగ్ టేబుల్ కమీషన్ వచ్చిన రోజున పంపాను. తొమ్మిదోది నా చేతి వాచీ అమ్మి పంపాను, అది ఈ జన్మలో మర్చిపోను. ఆ తర్వాత నా పరిస్థితి బాగాలేక ఆపేశాను. పదో నెల నుంచి నువ్వు కట్టావు, నలభై నాలుగు నెలలు. నలభై ఏడు కాదు. అది కూడా నేను కట్టమని అడిగానా? నీ అంతట నువ్వు కట్టుకున్నావు. బావ నన్ను అడగడానికి ఏ హక్కూ లేదు.

సరిగ్గా రాసుకో. తొమ్మిది నావి, నలభై నాలుగు నీవి. నీ మాట మీద నమ్మకం పోయింది కాబట్టి షోరూం ముద్ర కూడా వేసి సంతకం పెడుతున్నాను. బావకి ఇదే చూపించు.

నీ తమ్ముడు

ఆగస్టు 7

బొంగరం తండ్రికి,

నీ ఉత్తరం మీ బావకి చూపించాను. ఆయన చదివి, ‘‘ఇది నాకెందుకు, ఆఫీసుకి పట్టుకెళ్లు’’ అన్నాడు. ఆయన నిన్ను ఒక్క పైసా అడగడు, భయపడకు. అడుగుతానన్నది కూడా నా మాటే, ఆయనది కాదు. అది నా రెండో దొంగపద్దు అనుకో.

మరదలి దగ్గరికి నేనే వెళ్లాను. ఆసుపత్రి లాండ్రీ ఎదురుగా, దుప్పట్ల మూటల మధ్య, ఆవిరిలో నిలబడి నీ కాగితం చదివింది. చివరిదాకా చదివి మళ్లీ పైనుంచి చదివింది. ‘‘పిల్ల పుట్టినరోజు గుర్తులేదు గానీ వాచీ అమ్మింది ఎన్నో నెలో గుర్తుంది’’ అంది. అంత నీచం కళ్లారా చూశాక ఇద్దరికీ ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. పక్కన బట్టలు మడతపెట్టే వాళ్లు మాకు పిచ్చెక్కిందనుకున్నారు. మర్నాడు తన దగ్గరున్న రసీదులన్నీ తెచ్చింది. నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పదోదాని నుంచి ‘తండ్రి తరఫున’ అన్న మాట కొట్టేసి, ‘వదిన ఇచ్చినది’ అని రాసి, ప్రతి దాని కిందా మళ్లీ సంతకం పెట్టింది. నలభై నాలుగు సార్లు. నేను వద్దనలేదు.

కౌంటర్లో జలుబు అమ్మాయికి ఇప్పుడు తగ్గింది. నీ ఉత్తరం చదివి, టీపాయ్ ఉచితం దగ్గర ఒక్క క్షణం ఆగి, పై అధికారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ‘‘ముద్ర కూడా వేశాడా!’’ అన్నాడు. అంతే. నీ అభ్యంతరం కొట్టేశారు. నిన్న పాస్‌పోర్టు వచ్చింది. పిల్ల వీసా అక్కడ దిగాకే వేస్తారట. ఎల్లుండి వాళ్ల ప్రయాణం.

నువ్వు పంపింది తొమ్మిది నెలలని నాకు మొదటి నుంచీ తెలుసు. నా లెక్క ఎప్పుడూ తప్పదు. నీకు మూడు నెలలు తగ్గిస్తే నువ్వు ఊరుకోవని కూడా తెలుసు. నిన్ను పెంచిన దాన్ని కదా.

ఒక్క విషయం రాసి ముగిస్తాను. అభ్యంతరం కొట్టేశాక ఇంకో కొత్త ఫారం నింపమన్నారు. అందులో తండ్రి పుట్టిన తేదీకి ఒక గడి ఉంది. మరదలు నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే బొంగరం పెన్ను లాక్కుని రాసేసింది. తేదీ, నెల, సంవత్సరం. నేను రెండుసార్లు సరిచూశాను. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు.

‘‘నీకెలా తెలుసే?’’ అన్నాను.

‘‘ఏటా ఆ రోజు ఫోన్ చేస్తాగా. ఎత్తడు’’ అంది.

నువ్వు చేసిన వాటన్నింటికీ నాకు అసహ్యం వేసింది. బొంగరం మాట విన్నాక కలిగినదానికి పేరు వెతికాను, దొరకలేదు.

ఇకనుంచి రసీదులు రావు. ఈసారి తిరుగు కవరు పెట్టలేదు.

బొంగరం అత్త